నైట్‌క్లబ్బుకి పెద్దక్క సంతకం

ఇంకా పిలవలేదు. నాకంటే ముందు లోపలికి పోయిన కుర్రాడు ఇంకా బయటికి రాలేదు, వాడి తల్లి నా ఎదురు కుర్చీలో కూర్చుని తలుపు వంకే చూస్తూ పెదాలు కదుపుతోంది, దేవుణ్ణి తలుచుకుంటోందో కొడుకు చెప్పాల్సిన జవాబులు తనే చెప్పేస్తోందో తెలియదు, నా పక్కన మా పెద్దక్క ఏసీ చలికి కొంగు చెవుల మీదుగా కప్పుకుని, చెప్పులు కింద వదిలేసి, కాళ్ళు కుర్చీ మీదికి మడుచుకుని, ఇది బెంగుళూరు చివర జిగణి దారిలో ఉన్న మేనేజ్‌మెంట్ కాలేజీ కాదు వర్తూరులో మా ఇంటి పంచ అన్నంత తీరిగ్గా కూర్చుంది. పెద్దక్క అంటే నాకు మేనత్త, మా నాయనకి అక్క, పేరు జయమ్మ, కానీ వర్తూరులో సగం మంది పెద్దక్క అనే పిలుస్తారు కాబట్టి నాకూ ఆమె పెద్దక్కే. నేను ఎంబీఏ సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చాను. ఎంబీఏ ఎందుకంటే నైట్‌క్లబ్ పెట్టడానికి. ఈ రెండు ముక్కలూ వెంటవెంటనే చెబితే వినేవాళ్ళ మొహం ఎట్లా అవుతుందో చూసి చూసి విసుగొచ్చి, ఈ మధ్య ఒకటి చెప్పి, కాఫీ తాగించి, అప్పుడు రెండోది చెబుతున్నాను. లోపల కూర్చున్న ప్రొఫెసర్లకి నేను కాఫీ తాగించలేను.

అసలు నైట్‌క్లబ్బుకి ఓనరు కావాలంటే బిజినెస్ డిగ్రీ ఉండాలా అని నేను అడగని మనిషి లేడు. లైసెన్సుల కోసం తిరిగిన ఆఫీసుల్లో ఎవరూ సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు, ఒకాయన బండ్లు ఎక్కడ పెట్టిస్తారమ్మా అన్నాడు, ఒకాయన మంట లేస్తే జనం ఏ తలుపులోంచి పోతారు అన్నాడు, ఇంకొకాయన టీ తాగుతూ మీ ఆయన ఏం చేస్తుంటారు అన్నాడు, ఆయనే లేడు సార్ నేనింకా పెళ్ళి చేసుకోలేదు అంటే ఆ టీ గ్లాసు నోటి దాకా పోకుండా ఆగిపోయింది, పాపం ఎంతసేపు అట్లాగే పట్టుకున్నాడో. ఇక అభిజిత్. నాతో కలిసి క్లబ్ పెడతానంటున్న విజయవాడ అబ్బాయి, పెద్ద కాలేజీలో ఎంబీఏ చేసి, కంపెనీలో ఉద్యోగం చేసి, అన్నీ వదిలేసి శనాదివారాలు క్లబ్బుల్లో పాటలు వేసే డీజే అయినవాడు. "ఎంబీఏ శుద్ధ దండగ రేణుకా, రెండేళ్ళూ స్లైడ్లు చేశాం, అంతే, దానికోసం నువ్వు టైమ్ పాడుచేసుకోకు" అంటాడు. చేసినవాళ్ళకే అది దండగని చెప్పే హక్కు ఉంటుంది, అదే మాట నేనంటే సీటు రాదు కాబట్టి అంటోంది అంటారు. అభిజిత్ మంచివాడే, కానీ వాడు దండగ అన్న ప్రతి వస్తువూ వాడి దగ్గర ఉంది.

తలుపు పక్కన గోడ మీద ఈ కాలేజీ పెట్టిన పెద్దమనిషి ఫోటో, దానికి ప్లాస్టిక్ దండ, దండ చుట్టూ సీరియల్ బల్బులు, ఎరుపు, పచ్చ, మళ్ళీ ఎరుపు, ఒక బల్బు పోయినట్టుంది, అక్కడికి రాగానే వెలుగు తడబడుతోంది, లేచి వెళ్ళి దాన్ని కాస్త నొక్కి సరిచేద్దామా అని వేళ్ళు దురద పెడుతున్నాయి. మాది శామియానా ఇల్లు. మా తాత చిక్కమునియప్ప వర్తూరులో మొట్టమొదట శామియానా, సౌండు, లైటింగు పెట్టినవాడు, చెరువు దగ్గర రేకుల గోడౌన్ కట్టి అందులో గుడ్డలు, గుంజలు, కుర్చీలు, సౌండు బాక్సులు నింపినవాడు. పెళ్ళికి సామాను పంపే ముందు మా నాయన వెంకటగిరియప్ప మధ్యాహ్నం పూట లైట్లు పరీక్ష చేసి అన్నానికి పోయేవాడు, ఆయన పోగానే ఇంట్లో ఆడవాళ్ళంతా గోడౌన్‌లోకి దూరేవాళ్ళం, షట్టర్ సగం దించేస్తే పగలే చీకటి, రంగుల లైటు తిరుగుతుంటే రేకుల మీద చుక్కలు పరిగెత్తేవి, మా అమ్మ, పిన్నులు, పక్కింటి వాళ్ళు చుట్టిపెట్టిన తివాచీల మధ్య ఉన్న కాస్త జాగాలో చెమటలు కారేదాకా ఎగిరేవాళ్ళు, నేను సౌండు బాక్సు మీద కూర్చుని ఆ దడదడ తొడల్లోంచి గుండెలోకి ఎక్కుతుంటే నవ్వేదాన్ని. ఆ సంతోషం ఎట్లాంటిదో ఎవరికీ చెప్పలేను. చెప్పలేకే క్లబ్ పెడదామనుకుంటున్నాను.

ఇప్పుడు ఎవరికి కావాలి శామియానా, అందరికీ ఏసీ కన్వెన్షన్ హాళ్ళు, అందులో కుర్చీలకి కూడా గౌన్లు తొడుగుతారు. మా గుడ్డలు ఎలుకలు తిన్నంత తిన్నాయి, మిగిలినవి మా నాయన గుడికి ఇచ్చేశాడు. గోడౌన్ మాత్రం నిలబడే ఉంది, ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, ముందు బోలెడంత జాగా, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా దానికి మాత్రం ఒక పక్క చెరువే కాబట్టి సౌండు గురించి కొట్లాటకి వచ్చేవాళ్ళు తక్కువ. అభిజిత్ మొదటిసారి లోపలికి వచ్చి ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఎట్లా తిరిగొస్తుందో విని, అబ్బ అన్నాడు. అయితే ఆ గోడౌన్ మీద కన్ను మాకొక్కళ్ళకే లేదు, ఇళ్ళకి సరుకులు చేరవేసే కంపెనీ ఒకటి దాన్ని అద్దెకి అడుగుతోంది, ఈ నెలాఖరులోగా నీ సంగతి తేలకపోతే వాళ్ళకే ఇచ్చేస్తా తల్లీ అని మా నాయన కచ్చితంగా చెప్పేశాడు. తేలాల్సింది ఒక్కటే. మా తాత ఆ గోడౌన్‌ని కొడుకు పేరా కూతురి పేరా కలిపి రాసిపోయాడు. మా నాయన సంతకం పెట్టేశాడు. పెద్దక్క పెట్టాలి.

లోపల నవ్వులు వినిపిస్తున్నాయి, ఆ కుర్రాడు నవ్విస్తున్నట్టున్నాడు, వాడి తల్లి మొహం ఒక్కసారి విచ్చుకుంది, నవ్వించిన వాడి తర్వాత పోయేవాళ్ళ గతి ఏమిటో స్టేజీ కట్టిన ఇంట్లో పుట్టినదాన్ని నాకు తెలుసు. నన్ను ఏం అడుగుతారు, అనుభవం ఉందా అంటారు, ఉంది సార్, మారతహళ్ళిలో ఒక పబ్బు వాకిట్లో చెవిలో మైకు పెట్టుకుని నాలుగేళ్ళుగా నిలబడుతున్నాను, ఎవరిని పంపాలి ఎవరిని పంపకూడదు అన్నది నా పని. చెప్పులేసుకుని వస్తే లేదు, జంట లేని మగవాళ్ళ గుంపు అయితే లేదు, ఇదివరకే ఎక్కడో తాగి వస్తే అసలు లేదు. ఒకసారి అనంతపురం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు, రేపు ముహూర్తం పెట్టుకుని స్నేహితులతో వచ్చాడు, పసుపు రాసిన కాళ్ళకి బూట్లు వేసుకోకూడదని ఇంట్లోవాళ్ళు చెప్పారట, చెప్పులతోనే వచ్చాడు, రూలు రూలే, నేను వాకిలి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, లోపలున్న అభిజిత్‌కి చెప్పి తలుపు తీయించి, వాడికి కావలసిన పాట బయటికి వినిపించేలా పెట్టించాను, వాడు ఆ ఫుట్‌పాత్ మీదే చిందులేశాడు, దారిన పోయే స్విగ్గీ అబ్బాయిలు బండ్లాపి వాడితో కలిశారు, లోపలున్న జనం కూడా బయటికి వచ్చి చేరారు. మా మేనేజరు తిట్టాడనుకోండి. కానీ ఆ రోజే నాకు అనిపించింది, నా వాకిలి నాకు ఉంటే ఎంత బాగుండు అని.

అదే మాట పెద్దక్కతో చెప్పాను, ఆమె ముంగిట్లో రాగులు చెరుగుతోంది, చేట ఆపకుండానే అంతా వింది, జనం వస్తారు, పాటలు వింటారు, ఎగురుతారు, తాగేవాళ్ళు తాగుతారు, అంతే పెద్దక్కా అన్నాను, తాగుడు మాట గబగబా దాటేశాను గానీ ఆమె దాని జోలికే పోలేదు. "దానికి ఏం చదివినావు?" అంది. బీకాం అన్నాను. "అది లెక్కలు రాసేదానికి. క్లబ్బు పెట్టేదానికి ఏం చదివినావు?" అంది. దానికి వేరే చదువేమీ అక్కర్లేదు పెద్దక్కా అంటే చేట కింద పెట్టి నా మొహం చూసి, "ఆ అభిజిత్ ఏం చదివినాడు?" అంది. ఎంబీఏ అన్నాను. "అయితే నువ్వూ అదే చదువుపో. చదివినాక సంతకం పెడతా" అని మళ్ళీ చేట ఎత్తుకుంది. ఎంత చెప్పినా అంతే, ఏడ్చినా అంతే, అన్నం మానేస్తే నా వాటా కూడా తను తినేసింది. ఊళ్ళో వాళ్ళు ఏమంటారో అని ఆమె భయం తల్లీ, చదివి పెడితే బిజినెస్ అంటారు, ఊరికే పెడితే నోటికొచ్చింది అంటారు, ఆడపిల్లవి కదా అని మా నాయన సర్దిచెప్పాడు, నాకు ఒళ్ళు మండింది. మగపిల్లాడు పెడితే ఏ చదువూ అడగరు, మా వీధిలో బార్ నడిపే ఆయన ఎంత చదివాడో నాకు తెలుసు. అయినా సరే, బెట్టుకి పోతే గోడౌన్ పోతుంది, ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు చదువుకునే ఎంబీఏ ఎక్కడుందో వెతికి దరఖాస్తు పెట్టాను, సీటు వచ్చిన రోజే సంతకం పెట్టేలా మా నాయన ఆమెని ఒప్పించాడు. అందుకే ఈ గంట నాకు ఇంత బరువుగా ఉంది.

మా నాయన సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆయనకి ఏ పని మొదలుపెట్టినా ముందు కార్డు అచ్చేయించాలి, కార్డు చేతిలో ఉంటే గానీ ఆయనకి పని జరుగుతుందన్న నమ్మకం కుదరదు. పోయిన వారం సంచీ నిండా కార్డులతో దిగాడు, నాలుగు మూలలా పసుపు కూడా రాసేశాడు, పైన శ్రీ రేణుకా ఎల్లమ్మ ప్రసన్న, దాని కింద నైట్‌క్లబ్ ప్రారంభోత్సవానికి బంధుమిత్రులు సకుటుంబంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన, దాని కింద నా పేరు, పేరు పక్కన ఎం.బి.ఎ. తేదీ దగ్గర మాత్రం ఖాళీ, పెన్నుతో రాసుకోవచ్చులే అన్నాడు. నాయనా, సీటే రాలేదు కదా అంటే, "వస్తాది కదమ్మా, పెళ్ళి కార్డుల మీద చూడు, చదువుతాండే పిల్లోళ్ళకి కూడా డిగ్రీ ఏస్తారు" అన్నాడు. నేను తల పట్టుకునేలోగా మొదటి కార్డు ఎల్లమ్మ గుళ్ళో పెట్టేసి, రెండోది పెద్దక్కకి ఇచ్చేశాడు. పెద్దక్కకి చదవడం రాదు, కానీ నా పేరు పక్కన ఉన్న ఆ మూడక్షరాలు ఏవో చూపించమని అడిగి, వేలితో తడిమి, కార్డు బియ్యం డబ్బా మీద పెట్టుకుందట. వినగానే నవ్వొచ్చింది, ఆ వెనకే గుబులూ వచ్చింది, ఇప్పుడు సీటు రాకపోతే నేను అబద్ధం చెప్పింది మనుషులకే కాదు ఎల్లమ్మకి కూడా.

తలుపు తెరుచుకుంది. కుర్రాడు టై వదులు చేసుకుంటూ వచ్చాడు, తల్లి లేచి వాడి నుదురు తుడిచింది, ఇంకెవరో పద్మనాభం అనే పేరు పిలిచారు, నాది కాదు, అమ్మయ్య, అయ్యో. ఫలితం కోసం ఆగమన్నారట, తల్లీకొడుకులు మళ్ళీ మా ఎదురుగా కూర్చున్నారు. నేను జవాబులు నెమరేసుకుంటున్నాను, అయిదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు అంటే వాకిట్లో అని చెప్పకూడదు, ఐదు నగరాల్లో శాఖలు అని చెప్పాలి, బలం ఏమిటంటే మనుషులతో మాట్లాడటం, బలహీనత ఏమిటంటే, బలహీనత నా పక్కనే కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంది. అది ఊరికే కూర్చుంటే కదా. "మీ పిల్లోడు ఏం పెడతాడమ్మా?" అని ఎదురావిణ్ణి అడిగింది. పెట్టడమేంటండీ అంది ఆవిడ అర్థం కాక. "మా పాప క్లబ్బు పెడతాది. మీ పిల్లోడు?" ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, మా వాడు ఉద్యోగం చేస్తాడండీ అంది. "అయ్యో, పెట్టేదేం లేదా" అని పెద్దక్క నిజంగానే జాలి పడింది. నాకు నవ్వు ముంచుకొచ్చి తల పక్కకి తిప్పుకున్నాను, ఆ కుర్రాడు కూడా నవ్వు ఆపుకుంటున్నాడు, ఇద్దరం ఒకరినొకరం చూడకుండా చెరో గోడ చూశాం.

ఈమె అసలు ఎందుకొచ్చింది, నేను రమ్మనలేదు, ఇంటి ముందు క్యాబు ఆగగానే ఎక్కి కూర్చుంది, చదువు యాడ చెప్తారో చూడాల అంది. కాలేజీ గేటు దగ్గర కాపలా అతను కాల్ లెటరు అడిగినప్పుడు మాత్రం గబుక్కున నా వెనక్కి వచ్చి నా చున్నీ కొస పట్టుకుంది, ఎవరినైనా నిలదీసే మా పెద్దక్కేనా అని నాకు వింతగా అనిపించింది. కారిడార్ చివర టీవీలో నవ్వుతున్న పిల్లలు, మెడలో నీలం తాళ్ళు, తాళ్ళకి కార్డులు, అవే మొహాలు మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నాయి. పెద్దక్క కూడా అదే చూస్తోంది. ఉన్నట్టుండి ఆమె నా మోచేతి మీద గిల్లింది.

"ఏమే రేణుకా. ఆ క్లబ్బులోకి నన్ను పోనిస్తారా?"

ఏమంటోందో నాకు ముందు ఎక్కలేదు. "నిన్ను ఎవురు ఆపుతారు పెద్దక్కా?"

"ఎవురో ఒగరు. నువ్వు చేసే పని అదే కదా, గేటు కాడ నిలబడి ఆపేది" అంది, నిష్ఠూరంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. ఆ తర్వాత టీవీ వంక చూస్తూనే చెప్పింది, మా మామది, అంటే ఆమె పెనిమిటిది, రింగు రోడ్డు పక్కన రాగి పొలం ఉండేది, అది అమ్మితే ఇప్పుడు అక్కడ అద్దాల ఆఫీసులు లేచిన సంగతి నాకు తెలుసు, తెలియనిదల్లా ఆమె పోయినేడు అక్కడికి ఒక్కతే బస్సెక్కి పోయిందని. "నా చేత్తో పెట్టిన పనస చెట్టు ఇంగా ఉండాది మే, బండ్లు పెట్టే తావుల. రోడ్డు మీదికే కనపడతాది. ఎన్ని కాయలనుకుంటివి. చూసొస్తా అప్పా అంటే గేటు కాడ ఆ పిల్లోడు, తెలుగోడే, కార్డు ఉండాదా అవ్వా అన్య. మా చెట్టుకి నాకు కార్డేందిరా అంటి. వాడేం చేస్తాడు, వాని పని అది. ఎండలో నిలబడి చూస్తి. నీ ఈడు ఆడపిల్లోళ్ళు వస్తాండారు, మెడలో కార్డు అట్ల చూపిస్తాండారు, గేటు అదే తెరుచుకుంటాది. ఏం చదివినారమ్మా మీరు అని ఒగామెని అడిగితి. ఎంబీఏ అన్య."

ఊళ్ళో వాళ్ళు ఏమంటారో అని ఆమె ఒక్క రోజు కూడా అనలేదు, అన్నది మా నాయన, నమ్మింది నేను. ఆమె చేటతో రాగులు చెరుగుతూ ఆలోచించింది వేరే. "ఆ అభిజిత్ మంచి పిల్లోడే అనుకో" అంది మళ్ళీ, నా మనసులోకి దూరినట్టు, "వానికి చదువుండాది. రేపు వాని మాదిరోళ్ళు ఇంగ నలుగురు వచ్చి, ఇంగ్లీషులో మాట్లాడుకోని, నిన్ను సన్నంగా వెనక్కి నూకితే? గోడౌన్ మనది, గేటు వాళ్ళది అయితాది. నీకు కార్డుంటే నిన్ను ఆపలేరు. నీ వెనకాల నేనూ వస్తా." ఈ చలి కారిడార్‌లో, ఎదురుగా ఆ తల్లీకొడుకులు చూస్తుండగా, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆమె మీద ఇన్నాళ్ళూ పళ్ళు నూరానే అని కాదు, ఆ ఎండలో ఆమె పక్కన నేను లేకపోతినే అని. నేను ఉండుంటే ఆ గేటు దగ్గర ఎంత రచ్చ చేసేదాన్నో.

"పెద్దక్కా, గేటు కాడ నేనే ఉంటా. నువ్వు రాంగానే నీ చెయ్యి పట్టుకోని లోపలికి తీసుకుపోతా" అన్నాను.

"నువ్వు గేటు కాడ ఉంటే లోపల ఎవురు చూస్తారు? సుమ్మనే ఊరికే మాట్లాడొద్దు." కొంగు చెవుల మీంచి తీసేసింది, అంటే బేరానికి దిగిందన్న మాట. "ఎప్పుడు తెరుస్తావు?"

"ఎనిమిదికి తెరుస్తాము. జనం వచ్చేది పదికి."

"నేను తొమ్మిదికే పండుకుంటా కదే."

"అవును."

"ఆరుకి తెరువు."

"ఆరుకి ఎవురొస్తారు పెద్దక్కా?"

"నేనొస్తా" అంది.

ఇది చెప్పి నా వంక చూసింది, ఆ చూపులో తమాషా లేదు, బతిమాలడమూ లేదు. ఆరుకి ఖాళీ గోడౌన్, మూల లైట్లు వెలుగుతూ, అభిజిత్ నిద్రమొహంతో వైర్లు సర్దుకుంటూ, మధ్యలో మా పెద్దక్క ఒక్కతే, నేత చీరలో, చేతులు వెనక్కి కట్టుకుని, పైన రేకులు చూస్తూ, ఈ బొమ్మ నా కళ్ళ ముందు ఎంత బాగా కుదిరిందంటే, ఇంత సేపూ నేను ఊహించుకున్న పది గంటల జనమంతా పల్చగా అయిపోయారు. ఆరుకి తెరిస్తే సంతకం పెడతావా అని అడిగాను. "ఈ పొద్దే పెడతా. చదువు నీ ఇష్టం" అంది. "గేటు కాడ నువ్వే ఉంటానంటివి, నన్ను ఆపేది లేదంటివి కదా, ఇంగ కార్డు ఎందుకు." చదువు నీ ఇష్టం. ఆ మాట వినడానికి ఎన్ని నెలలు ఏడ్చానో, ఇప్పుడు విన్నాక లేచి ఇంటికి పోవచ్చు, జిగణి నుంచి వర్తూరుకి ఈ వేళ ట్రాఫిక్ కూడా తక్కువే, దారిలో ఆగి దోసె తిని పోవచ్చు. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని పద్మనాభం బయటికి వచ్చాడు, వెనకే నా పేరు పిలిచారు.

లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు, కాళ్ళు లేచాయి. లోపల పొడవాటి బల్ల, ముగ్గురు, నడుమ నెరిసిన జుట్టు పెద్దాయన, ఒక పక్క కళ్ళజోడు మేడమ్, ఇంకో పక్క ఫోన్ చూసుకుంటున్న చిన్నవాడు, నేను నైట్‌క్లబ్ అనగానే ఆ ఫోన్ బల్ల మీద బోర్లా పడింది. పెద్దాయన నా దరఖాస్తు తిరగేసి, మాతృభాష తెలుగు అని ఉండటం చూసి కాబోలు తెలుగులోనే, "నైట్‌క్లబ్ పెట్టడానికి ఎంబీఏ ఎందుకమ్మా? అది లేకుండానే అందరూ పెడుతున్నారు కదా" అన్నాడు. ఐదు నగరాలు, శాఖలు, నేర్చుకున్నదంతా నాలుక చివర దాకా వచ్చింది, వచ్చి, ఆగింది.

"నిజమే సార్. ఇప్పటిదాకా మా అత్త సంతకం కోసం కావాలనుకున్నాను. ఇందాకే ఆ అవసరం తీరిపోయింది" అన్నాను.

"మరి లోపలికి ఎందుకొచ్చారు?" అంది మేడమ్, కోపంగా కాదు.

"ఒకటి తెలియలేదు మేడమ్. క్లబ్ సాయంత్రం ఆరుకి తెరవాలి. ఆరుకి బెంగుళూరులో ఎవరూ క్లబ్బుకి రారు, అందరూ రోడ్డు మీద ఉంటారు. ఆరుకి జనాన్ని ఎట్లా రప్పించాలో నాకు తెలియదు. పాటలు తెలుసు, లైట్లు తెలుసు, మనుషులు తెలుసు, ఇది తెలియదు. మీకు తెలిస్తే రెండేళ్ళు కూర్చుని నేర్చుకుంటాను." చెబుతుంటే నాకే తెలిసింది, ఇది అబద్ధం కాదు, నాకు నిజంగానే నేర్చుకోవాలని ఉంది, పిన్నులూ పక్కింటి వాళ్ళూ పెద్దక్క ఈడు వాళ్ళందరూ నిద్రకి ముందు వచ్చి పోయే క్లబ్ ఎట్లా నడుస్తుందో, నష్టం రాకుండా ఎట్లా నడుస్తుందో, అది ఏ పబ్బు వాకిట్లోనూ ఎవరూ నాకు నేర్పలేదు. చిన్నవాడు ముందుకు వంగి, మధ్యాహ్నం బ్యాచ్‌లాగా పెడితే, అని ఏదో మొదలుపెట్టాడు, మేడమ్ ఆగండి ఆగండి అంటూ పెన్ను తీసింది, వాళ్ళిద్దరికీ అప్పుడే వాదన పడింది.

పెద్దాయన మాత్రం నన్నే చూస్తున్నాడు. "ఆరుకే ఎందుకు తెరవాలి?"

"మా ఓనరు తొమ్మిదికి పడుకుంటారు సార్."

"ఓనరు మీరే అని రాశారిక్కడ" అని దరఖాస్తు మీద వేలు పెట్టాడు. అవును, నా చేత్తోనే రాశాను, యజమాని, స్వయంగా నేనే అని. ఇన్ని నెలలు ఆమె సంతకం కావాలని తిరిగాను గానీ, ఆ సంతకం ఎందుకు కావలసి వచ్చిందో ఒక్కసారి ఆలోచించలేదు. సిగ్గనిపించింది, నవ్వూ వచ్చింది.

"తప్పు రాశాను సార్. సగం ఆమెది" అన్నాను. "బయట కూర్చునుంది."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అయితే సగం ఓనరుని బయట కూర్చోబెట్టి మనం ఆరు గంటల సంగతి ఎట్లా తేలుస్తాం, ఆమెని కూడా పిలవండి" అన్నాడు పెద్దాయన, చిన్నవాడు ఇంకో కుర్చీ తెచ్చి నా కుర్చీ పక్కన వేశాడు. నేను వెళ్ళి తలుపు బార్లా తెరిచాను. పెద్దక్కా, నిన్ను లోపలికి రమ్మంటాండారు, అన్నాను. ఆమె నన్ను చూసింది, నా వెనక లేచి నిలబడ్డ పెద్దాయనని చూసింది, నిదానంగా చెప్పులు తొడుక్కుంది, కొంగు భుజం మీద సర్దుకుంది, ఎవరినీ ఏమీ అడక్కుండా నాకంటే ముందు లోపలికి నడిచింది.